రిసెప్షన్ గోడ మీద సగం చక్రం

మా ఆఫీసులో తెలుగు ఫోను నాదే. ఆ పని ఎవరూ నాకు అప్పగించలేదు, దానికోసం జీతం పెంచిందీ లేదు. కానీ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి హిందీ, ఇంగ్లీషు కాని భాష ఏది చెవిన పడినా నా నంబరుకు తోసేస్తుంది. తమిళం వచ్చింది, కన్నడం వచ్చింది, ఒకసారి ఒరియా కూడా వచ్చింది. "మేడమ్, ఆప్‌కే గావ్ సే ఫోన్ హై" అంటుంది. ఆ గావ్, అంటే మా ఊరు, శ్రీకాకుళం నుంచి కన్యాకుమారి దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మొదట్లో కోపం ముక్కు మీదే ఉండేది. దక్షిణాది అంతా ఒకే ఊరు కాదమ్మా అని ఒకటి రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పాను కూడా. అచ్ఛా మేడమ్ అని బుద్ధిగా తలూపి, మర్నాడు మదురై ఫోను మళ్లీ నాకే పంపింది.

మాది పంపుల కంపెనీ. ఈ మాట ఇప్పుడు మా పెద్దలకు నచ్చదు. పంపులతో మొదలుపెట్టి, ఇంకో కంపెనీని కొని, ఆ తర్వాత తామే ఇంకొకరికి అమ్ముడుపోయి, ఇప్పుడు చెరకు రసం వడకట్టే యంత్రాలు, రంగులు కలిపే యంత్రాలు, టూత్‌పేస్టు గిలకొట్టే గంగాళాలు, రసాయన ఫ్యాక్టరీలకు ప్రత్యేకంగా కొలతలిచ్చి చేయించుకునే సరంజామా, ఇలా సవాలక్ష చేస్తున్నాం. మునిసిపాలిటీలకు నీళ్లు ఎత్తిపోసే పాత పంపులు మాత్రం మానేశాం. మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. "నీళ్లు తోడటం తప్ప అన్నీ చేస్తున్నారుగా మీరు" అని ఏడిపిస్తుంటాడు. ఫైలు ఎలా కదలదో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి నేనూ తిరిగి ఏదో ఒకటి అంటాను.

నా ఉద్యోగం విడిభాగాల సెక్షన్లో. ఎక్కడో ఏదో పంపులో ఒక ముక్క పాడైతే, అది ఏ మోడలు, ఆ ముక్క నంబరేమిటి, దాని డ్రాయింగు ఎక్కడుంది అని వెతికి సేల్స్ వాళ్లకు చెప్పడం నా పని. అమ్మాలో వద్దో నేను చెప్పను. ఎంతకు అమ్మాలో నేను చెప్పను. వెతకడం ఒక్కటే నా చేతిలో ఉంది, అదీ దొరికితేనే.

ఒకరోజు ఒక కొత్త అమ్మాయి ఫోను అలాగే వచ్చింది. గొంతు వినగానే రాయలసీమ అని తెలిసిపోయింది. మాది బందరు వైపు, అయినా కాలేజీలో నా రూమ్మేట్లంతా అనంతపురం, కడప వాళ్లు కావడంతో ఆ యాస వినగానే నాకు ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఒక చిన్న పట్నంలో మునిసిపాలిటీ నీటి సరఫరాలో అసిస్టెంట్ ఇంజినీరట. ఎంతమందినో దాటుకుని నా దాకా వచ్చినట్టుంది.

"తెలుగోళ్లేనా మేడమ్ మీరు? పానం లేచొచ్చినట్టుండాది" అంది.

సంగతేమిటంటే, వాళ్ల ఊరికి నీళ్లు చెరువు దగ్గరి నుంచి కొండ మీది ట్యాంకుకు ఎక్కాలి. ఎక్కించేవి రెండు పంపులు, రెండూ మా కంపెనీవే, ఆమె పుట్టకముందు బిగించినవి. ఒకదాని కడుపులో తిరిగే రెక్కల చక్రం పగిలిపోయింది. ఇంపెల్లర్ అంటాం మేము. అది తిరిగితేనే నీళ్లు పైకి లేస్తాయి. ఇప్పుడు రెండో పంపు ఒక్కటే ఊరంతటినీ మోస్తోంది. దాని వయసూ అంతే, దాని చక్రమూ అదే కాలంది, పైగా ఈమధ్య వణుకుతోందట. అది కూడా ఆగితే ఊరికి ట్యాంకర్లే గతి, ఆ ట్యాంకర్లు నింపుకునే బోర్లు వేసవికి ముందే ఎండిపోతాయి.

"ఒక్క చక్రం ఇప్పియండి మేడమ్, చాలు. ఇంగేమీ వద్దు మాకు."

ఒక్క చక్రమే కదా అనుకున్నాను నేను కూడా. సాయంత్రానికల్లా చెబుతానన్నాను.

మా విడిభాగాల మేనేజరు మంచివాడే. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరి పుట్టినరోజూ మరచిపోడు. మోడలు పేరు చెప్పగానే కంప్యూటర్లో చూసి, ఆ నంబరే లేదన్నాడు. మూసేసిన మోడళ్లన్నీ కొత్త యాజమాన్యం వచ్చాక తుడిచేశారట. కొత్త పంపుకు కొటేషన్ పంపించెయ్, ఠీక్ హై, అన్నాడు. ఆ మాటే అమ్మాయికి చెప్పాను. కొత్త పంపు పెట్టాలంటే పాత దిమ్మె పగలగొట్టాలి, పైపులు మార్చాలి, దానికి మంజూరు రావాలి, టెండరు పిలవాలి, ఎన్నికలొస్తే అన్నీ ఆగాలి. ఇవన్నీ ఆమె ఓపిగ్గా చెప్పింది. మా ఆయన ఇంట్లో చెప్పే మాటలే కాబట్టి నాకు ఒక్కటీ కొత్త కాదు. అక్కడే ఒక పోతపోసే షాపులో పగిలిన ముక్కలు అతికి చూపించి నకలు చేయించారట కూడా. బిగించగానే ఊగిపోయి, బేరింగులు తినేసిందట. అరిగిపోయిన ముక్కల్ని చూసి చేసింది సరిగ్గా ఎలా వస్తుంది?

డ్రాయింగు దొరికితే చాలనుకున్నాను. కంప్యూటర్లో తుడిచేసినా, స్కాన్ చేసిన పాత కాగితాల గుట్ట ఒకటి నా దగ్గరుంది. ఎవరికీ అక్కర్లేనివన్నీ నా దగ్గరే ఉంటాయి. వెతగ్గా వెతగ్గా ఆ చక్రం డ్రాయింగు కనిపించింది. సంతోషంతో టీ కూడా తాగకుండా కూర్చుని చూశాను. బయటి కొలతలన్నీ ఉన్నాయి. అసలు ప్రాణమైన రెక్కల వంపు దగ్గర మాత్రం ఒక బాణం గుర్తు, దాని పక్కన ముత్యాల్లాంటి చేతిరాతలో ఒక్క ముక్క: రెక్కల వంపు అచ్చు ప్రకారం.

ఆ కాలపు పద్ధతి అది. పోత పోయడానికి ముందు చక్రాన్ని కొయ్యతో చెక్కేవాళ్లు. ఆ కొయ్య అచ్చును ఇసుకలో ఒత్తి తీసి, ఆ గుంటలో కరిగించిన కంచు పోసేవాళ్లు. వంపు చెయ్యి తిరిగిన వడ్రంగి దిద్దింది. అచ్చు పక్క గదిలోనే ఉంది, ఎప్పటికీ అక్కడే ఉంటుంది, ఇక కాగితం మీద గీయడమెందుకు అనుకున్నాడు డ్రాయింగు గీసినాయన. ఆయన్ని తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఇంట్లో ఉన్న మనిషి ఫోటో ఎవరూ పర్సులో పెట్టుకుని తిరగరు కదా అనిపించింది.

ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ చూసే పెద్దాయన ఒక సర్దార్జీ. రిటైర్మెంటు దగ్గరపడింది, ఎవరికీ భయపడడు. ఫోను చేసి సంగతి చెప్పాను. మన ఫౌండ్రీ మూసేశారు గానీ బయట పోయించడం ఎంతసేపు, అచ్చు దొరికితే పట్టుకురా బేటీ, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. ఆ సాయంత్రమే అమ్మాయికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ అన్నాళ్లూ లేదు, కాదు, చూద్దాం అని నీళ్లు నమిలీ నమిలీ నా నోరు చేదెక్కిపోయింది. ఒక మంచిమాట చెప్పాలని ఆశ పుట్టింది.

"అచ్చు దొరికితే అయిపోతుందట తల్లీ" అన్నాను.

"మా కమిషనరు సారుకు చెప్పొచ్చా మేడమ్?" అంది. ఇంకొన్నాళ్లు ఆగమన్నాను.

ఒకరోజు సెలవు పెట్టి ఫరీదాబాద్ వెళ్లాను. ఆఫీసు పనికి సెలవు పెట్టుకుని వెళ్లేదానివి నువ్వొక్కదానివే అన్నాడు మా ఆయన. అచ్చుల గది నాకు తెలిసినదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలాసార్లు వెళ్లాను. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా టేకు చక్రాలు, ఎర్రరంగు, నల్లరంగు పూసినవి, లోపలికి వెళ్తే లక్క వాసన. ఇప్పుడక్కడ అట్టపెట్టెలున్నాయి. టూత్‌పేస్టు యంత్రాలకు వేసే సీళ్లట. అచ్చులేమయ్యాయని స్టోరు మనిషిని అడిగాను. చాలావరకు పాత సామాను కొనే కబాడీవాడు లారీలో పట్టుకుపోయాడని, చూడ్డానికి బాగున్నవి కొన్ని మాత్రం ముందే గురుగ్రామ్‌లోని మీ ఆఫీసు వాళ్లే ఏరుకుపోయారని చెప్పాడు. ఏరడానికి ఒక డిజైనర్ మేడమ్ స్వయంగా వచ్చిందట.

అతను ఆ మాట అంటుండగానే మా రిసెప్షన్ గోడ నాకు గుర్తొచ్చింది.

గురుగ్రామ్‌లో మా ఆఫీసు అద్దాల భవనంలో ఉంది. రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి వెనక గోడంతా కొయ్య చక్రాలే. బంగారు రంగు, రాగి రంగు పూసి, కింద లైట్లు పెట్టారు. మన వారసత్వం అని దాని మీద ఇంగ్లీషులో అక్షరాలు. మధ్యలో అన్నిటికన్నా పెద్దది, నడిమికి రెండుగా కోసిన సగం చక్రం, రెక్కలు విచ్చుకుని ఉదయిస్తున్న సూర్యుడిలా ఉంటుంది. ఆ గోడ ప్రారంభించిన రోజు నేనూ చప్పట్లు కొట్టాను. పట్టుచీర కట్టుకుని దాని ముందు ఫోటో దిగాను. మా అమ్మాయికి చూపిస్తే, "మమ్మా, కిత్నా ప్యారా హై" అంది. తెలుగులో చెప్పవే అన్నాను, బాగుందంది.

మర్నాడు ఉదయం అందరికంటే ముందు వెళ్లాను. రిసెప్షన్ అమ్మాయి వెనక్కి వెళ్లి, కుర్చీ ఎక్కి, ఆ సగం చక్రం అంచు తడిమాను. అచ్చులన్నిటికీ అంచున నంబరు గుద్ది ఉంటుంది. బంగారు రంగు కింద వేలికి తగిలింది. గోరుతో గీకి చదివాను. నా డ్రాయింగు మీద ఉన్న నంబరే. రోజూ దాని కిందినుంచే నడిచి వెళ్లి, నా సీట్లో కూర్చుని, దాన్నే వెతుకుతున్నాను.

రెండో సగం పారేశారట.

సర్దార్జీకి ఫోను చేశాను, ఏడుపు ఆపుకుంటూ. ఆయన నవ్వాడు. చక్రం గుండ్రంగా ఉంటుంది, రెక్కలన్నీ ఒకేలా ఉంటాయి, సగం ఎక్కువే, నిజానికి ఒక్క రెక్క చాలన్నాడు. దించక్కర్లేదు కూడా, మనిషిని పంపిస్తాను, గోడ మీదే స్కానరుతో వంపు కొలుస్తాడు, ఒక పూట పనన్నాడు. ఆ నిమిషాన ఆయన ఎదురుగా ఉంటే కాళ్లకు దండం పెట్టేదాన్ని. ఈసారి మాత్రం అమ్మాయికి చెప్పలేదు. మేనేజరు అనుమతి ఒక్కటే కావాలి, అది తీసుకుని చెబుదామనుకున్నాను.

మేనేజరు శ్రద్ధగా విన్నాడు. పైకి రాశాడు. పైనుంచి లీగల్‌కు వెళ్లింది. లీగల్ నుంచి జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన జవాబు మాత్రం చాలా చిన్నది. మూసేసిన మోడలుకు భాగం చేసిచ్చి, అది పగిలి ఎవరికైనా ఏదైనా అయితే బాధ్యత మనది అవుతుంది. ఒక ఊరికి ఇస్తే అన్ని ఊళ్లూ అడుగుతాయి. కాబట్టి కుదరదు. సర్దార్జీ కూడా ఎవరెవరితోనో గొడవపడి చూశాడు. చివరికి ఆయనే నాకు ఫోను చేసి, ఛోడ్ దే బేటీ, ఇక వదిలెయ్ అన్నాడు. ఎవరికీ భయపడని మనిషి చేతులెత్తేస్తే ఇక నేనెంత? ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. మీ ప్రభుత్వంలో అయినా ఒక మనిషిని తిట్టుకోవచ్చు, మా దగ్గర తిట్టడానికి కూడా మనిషి దొరకడన్నాను. ఆయన లేచి కుక్కరు దించాడు.

అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా వెతుకుతున్నారని చెప్పాను. పంపు వణుకుడు ఎక్కువైందని, రోజు విడిచి రోజు వదులుతున్న నీళ్లు వారానికొకసారికి తగ్గించామని, జనం ఆఫీసు ముందు బిందెలు పెట్టి కూర్చుంటున్నారని చెప్పేది. ఎప్పటినుంచి అన్నదో గుర్తులేదు, మేడమ్ పోయి అక్కా అయింది. ఒకరోజు, ఢిల్లీకి వస్తున్నా అక్కా అంది. మీవాళ్లతో నేనే మాట్లాడతాను, మొహం చూస్తే కాదనలేరు గదా అంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు వద్దో చెప్పాలి కదా.

ఆమె పిన్ని కూతురు ఢిల్లీలోనే బేర్ సరాయ్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటోంది. ఆ గదిలో దిగింది. మా క్వార్టర్ ఆ పక్కనే ఆర్కే పురంలో కాబట్టి ఆటోలో వెళ్లి తీసుకొచ్చాను. ఎదురెదురు మేడలు తలలు ఆనించుకునే ఆ సందులో, పుస్తకాల షాపు పక్కన నిలబడి ఉంది. నేననుకున్న దానికంటే చిన్నపిల్ల. కాటన్ చీర, తలలో మల్లెపూలు. ఎక్కడ సంపాదించిందో ఢిల్లీలో ఆ పొద్దున్నే. నాకు ఒక పొట్లంలో బొరుగుల ఉండలు తెచ్చింది. భుజానికి ఒక సంచి, దాని బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఏమిటమ్మా అది అంటే, తువ్వాలు విప్పి చూపించింది. పగిలిన చక్రంలో ఒక రెక్క. పచ్చగా చిలుము పట్టిన కంచు ముక్క.

"వాళ్లకు చూపియ్యల్ల గదా అక్కా" అంది.

మెట్రోలో సంచి తనిఖీ దగ్గర ఆ ముక్కే మమ్మల్ని ఆపేసింది. తెర మీద అదేదో ఆయుధంలా కనిపించి ఉంటుంది. సెక్యూరిటీ ఆయన తీయించి, తిప్పి తిప్పి చూసి, యే క్యా హై అన్నాడు. పానీ కా పంప్ అన్నాను. ఇందులో పంపు ఎక్కడుందన్నాడు. ఆ అమ్మాయి తనకొచ్చిన నాలుగు హిందీ మాటలూ పోగుచేసుకుని, గావ్ మే పానీ నహీ హై భయ్యా అని మొదలుపెట్టింది. ఆయన పాపం అంతా విన్నాడు. విని, మెట్రోలో తీసుకెళ్లడం కుదరదన్నాడు. బయటికొచ్చి క్యాబ్ ఎక్కాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ, ఈ ఊర్లో ఇన్ని ఫౌంటెన్లు ఉండాయే అని ఒకసారి అంది, అంతే.

లీగల్ వద్దన్న సంగతి దారిలో చెప్పేయాలని చాలాసార్లు అనుకున్నాను. పైవాళ్లు మొహం చూసి మనసు మార్చుకుంటారేమోనన్న పిచ్చి ఆశ నాకూ ఉండింది, నిజం చెప్పొద్దూ.

రిసెప్షన్లో పాసు చేయించాలి. కౌంటరు మీద ఒక చిన్న కెమెరా ఉంటుంది, వచ్చినవాళ్లను గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసి పాసు మీద అచ్చువేస్తారు. ఆమె నిలబడింది. సరిగ్గా తల వెనకాల ఆ సగం సూర్యుడు. మేనేజరు మీటింగులో ఉన్నాడు, కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. గోడ వైపు తిరిగింది. కాసేపు అలాగే చూసి, సంచి విప్పి, కంచు రెక్క రెండు చేతులతో పైకెత్తి, కొయ్య రెక్క పక్కన పెట్టింది. నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ వంపు పక్కన ఈ వంపు, అరిగిన మేర తప్ప తేడా లేదు.

"ఇది మాదే గదా అక్కా" అంది.

అవునన్నాను. నాకు ఎప్పటినుంచి తెలుసని ఆమె అడగలేదు. అడిగినా బాగుండేది, తిట్టినా బాగుండేది.

ఆమె ఇంజినీరు కాబట్టి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, సగం చాలని. మొహం ఒక్కసారిగా వెలిగింది. సంచిలోంచి కొలత టేపు తీసి, కాగితం గోడకు ఆనించి, రెక్క అంచు వెంబడి పెన్సిల్‌తో గీయబోయింది. గార్డు పరిగెత్తుకొచ్చాడు. మర్యాదగానే చెప్పాడు.

"మేడమ్, ఫోటో లే లీజియే. నాప్ నహీ సక్తే."

ఫోటో ఎన్నయినా తీసుకోవచ్చు, కొలవడానికి మాత్రం వీల్లేదు. నిజంగానే అప్పుడు ఇంకెవరో కస్టమర్లు ఆ పక్కనే సెల్ఫీ తీసుకుంటున్నారు.

మేనేజరు గదిలో ఆమె బాగా మాట్లాడింది. కొంచెం ఇంగ్లీషు, కొంచెం హిందీ, తడబడ్డచోట తెలుగు, నేను తర్జుమా. మీరు చేసివ్వొద్దు సార్, కొలుచుకోనివ్వండి చాలు, మేమే పోయించుకుంటాం, ఏమైనా అయితే మాదే బాధ్యత అని రాసిస్తాం అంది. నాకు ఈ ఆలోచన రాలేదే అనుకున్నాను. మేనేజరు నిజంగా బాధపడ్డాడు. ఆయన మొహంలో నాటకమేమీ లేదు. కానీ ఆ వంపు కంపెనీ ఆస్తి అట. తయారు చెయ్యడం మానేసినా సరే ఆస్తి ఆస్తే. అది బయటికివ్వడం తన చేతుల్లో లేదన్నాడు. మరెవరి చేతుల్లో ఉంది సార్ అని ఆమె అడిగింది. ఆయన ఒక పేరూ చెప్పలేకపోయాడు. టీ తెప్పించాడు. కొత్త పంపు కొటేషన్, అందమైన అట్టతో, ఆమె చేతిలో పెట్టాడు. వెళ్లేటప్పుడు కంపెనీ బొమ్మ ఉన్న నీళ్ల సీసా ఒకటి బహుమతిగా ఇచ్చాడు. అందరికీ ఇస్తారు, ఆయన కావాలని చేసింది కాదు.

తిరుగు దారిలో ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఒళ్లో సంచి, చేతిలో ఆ సీసా, మెడలో ఇంకా తీయని పాసు. పాసు మీది ఫోటోలో తల వెనక ఆ చక్రం దేవుడి పటంలోలాగా ఉంది. ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగిపోయినప్పుడు నా వైపు తిరిగింది.

"అక్కా, మా ఊర్లో ఏమి జెప్పల్ల? ఉండాదని చెప్పనా, లేదని చెప్పనా?"

ఏదైనా తింటావా తల్లీ అని అడిగాను. వద్దంది. బేర్ సరాయ్ సందు మొదట్లో దింపాను. పిన్ని కూతురు మెస్సు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. ఇద్దరూ ఆ సంచి చెరో చెవి పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న మా ఆయన్ని అడిగాను, మీరైతే ఏం చెబుతారని. ఆఫీసుల్లో ఇన్నేళ్లు నలిగిన మనిషి, ఏదో ఒక దారి చెబుతాడనుకున్నాను. సమాచార హక్కు, వినియోగదారుల కోర్టు, మంత్రిగారి పీఏ, ఇలా నాలుగు పేర్లు చెప్పి, అవి తేలేలోగా ఆ రెండో పంపు ఉండదులే అని తనే అన్నాడు. బొరుగుల ఉండలు ఆ పొట్లంలోనే ఉండిపోయాయి. తినడానికి నాకు చెయ్యి రాలేదు, పారేయడానికీ రాలేదు.

ఆ తర్వాత కూడా ఒకటి రెండు ప్రయత్నాలు చేశాను. ఆ గోడ ఫోటోలు నాలుగు వైపుల నుంచి తీసి ఆమెకు పంపాను. ఫోటోలు తీసుకోవచ్చు కదా. అక్కడి పోతపోసే ఆయన చూసి, బొమ్మ చూసి వంపు పట్టలేనన్నాడట. ఎవరూ లేనప్పుడు నేనే ఒక కాగితం ఆనించి గీద్దామని ఒక పొద్దున వెళ్లాను. గోడ మీది చక్రాలకు అడ్డంగా కొత్తగా ఒక అద్దం బిగిస్తున్నారు. విజిటర్లు ముట్టుకుంటున్నారని ఫిర్యాదు వచ్చిందట. మరకలు పడకుండా అద్దమట. బిగించేవాళ్లు నన్ను కొంచెం పక్కకు జరగమన్నారు. జరిగాను.

వేసవి మొదలైన రోజుల్లో ఒక ఉదయం, నేను ఇంకా రిసెప్షన్ దాటకముందే అక్కడి అమ్మాయి పిలిచి, మేడమ్, ఆప్‌కే గావ్ సే అని ఫోను నా చేతికే ఇచ్చింది. మొదటిసారి ఆమె సరిగ్గా చెప్పిందనిపించింది.

"రెండోది గూడా ఆగిపాయ అక్కా" అంది ఆ పిల్ల. "ఏమీ అడగడానికి ఫోను చేయలేదు, మీకు చెప్పల్ల అనిపించింది."

నేను అద్దం ముందు నిలబడి ఉన్నాను. ఇంజినీర్లందర్నీ ట్యాంకర్ల డ్యూటీకి వేశారని, తను ఇప్పుడు ఒక వీధి చివర ఉన్నానని చెప్పింది. వెనకాల బిందెల చప్పుడు, ఆడవాళ్ల అరుపులు వినిపిస్తున్నాయి. నా వెనక ఎవరో విజిటరు ఫోటో కోసం కొంచెం జరగమని సైగ చేస్తున్నాడు.

"ఆ పొద్దు మీరు చెప్పలేదు గదా అక్కా. నేనే ఆలోచన చేసుకుంటి. మా ఊర్లో లేదనే చెప్పినా" అంది. "ఉండాదని చెప్తే తట్టుకోలేరు."

మంచిపని చేశావమ్మా అన్నాను. ట్యాంకరు వచ్చిందక్కా అని ఆమె ఫోను పెట్టేసింది, నేను రిసీవరు అక్కడ పెట్టి లోపలికి వెళ్లి నా సీట్లో కూర్చున్నాను.